ఇల్లు చక్రాల మీద, ఉద్యోగం ఇంటర్నెట్ మీద

ఆర్వీలో ఉంటున్నామని చెప్పగానే మనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరుసలో వస్తాయి. బాత్రూమ్ ఉంటుందా? ఇంగువ పోపు వేస్తే బండంతా వాసన పట్టదా? పిల్ల చదువు మాటేమిటి? ఇవన్నీ అయ్యాక, ఉద్యోగం చేస్తున్న ఆడవాళ్లు పక్కకు పిలిచి అడిగేది ఇంకొకటుంది. "అది సరేగానీ, నిజం చెప్పండి, ఇంటర్నెట్ నమ్మకంగా ఉంటుందా? కాల్ మధ్యలో పోతే ఎలా?"

ఆ ప్రశ్న వెనక ఉన్న భయం నాకు బాగా తెలుసు. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ల కాల్ తెగిపోతే "పాపం, నెట్ పోయినట్టుంది" అంటారు. ఆర్వీలో ఉన్న మనిషి కాల్ తెగిపోతే "ఈవిడ ఇవాళ ఏ కొండ మీద ఉందో" అంటారు. రెండుసార్లు జరిగితే నవ్వుతారు. నాలుగోసారికి పెద్ద పని ఇంకొకరి చేతికి వెళ్తుంది. నోటితో ఎవరూ ఏమీ అనరు, రివ్యూలో మాత్రం కనిపిస్తుంది.

మావారు, నేను, తొమ్మిదేళ్ల మా పాప రెండేళ్లుగా ట్రావెల్ ట్రైలర్‌లోనే ఉంటున్నాం. నేను ఒక హెల్త్‌కేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. టీమ్‌లో సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు. తెనాలి నుంచి మా అత్తయ్యగారు ఇప్పటికీ "ఇంటి పట్టున ఉండి చేసుకోక, బండిలో తిరుగుతూ ఉద్యోగం ఏమిటమ్మా?" అంటూనే ఉంటారు. ఆవిడ ఆ మాట అనేది కూడా వాట్సాప్ వీడియోలోనే, మా బండి పైనున్న యాంటెన్నా పుణ్యాన!

ఈ రెండేళ్లలో మాకు బోధపడింది ఇది. ఏ ఒక్క కనెక్షన్నీ నమ్ముకోకూడదు. ఒకదానికొకటి సంబంధం లేని రెండు దారులు ఉండాలి. ఆ రెండూ పనిచేసే చోటే బండి ఆపాలి. అందం ఆ తర్వాత.

మన కాల్స్ వేళే పార్కు రద్దీ వేళ

క్యాంప్‌గ్రౌండ్ వైఫై సంగతి ముందు చెప్పేస్తాను. వెబ్‌సైట్‌లో "హైస్పీడ్ వైఫై ఉంది" అని రాసినంత మాత్రాన దాని మీద ఉద్యోగం పెట్టకూడదు. చాలా చోట్ల ఒకే లైన్‌ని పార్కులోని బండ్లన్నీ పంచుకుంటాయి. ఈమధ్య ఫైబర్ వేయించుకున్న పార్కులు కొన్ని ఉన్నాయి, అవి బాగానే పనిచేస్తాయి. మిగతాచోట్ల మెయిల్ చూసుకోవడానికి సరిపోతుంది, అంతే.

మనవాళ్లకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. అరిజోనాలో రాత్రి 8 గంటలంటే హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున 8:30. ఇండియా టీమ్‌తో మాట్లాడే వేళ అది. పార్కులో అందరూ భోజనాలు ముగించి సినిమా పెట్టుకునే వేళ కూడా అదే. న్యూ మెక్సికోలో మేము ఆగిన ఒక పార్కులో పొద్దున 11 గంటలకు స్పీడ్ టెస్ట్ చేస్తే 40 ఎంబీపీఎస్ వచ్చింది. రాత్రి 8కి అదే వైఫైలో ఒకటి కూడా రాలేదు. ఆ రాత్రి రిలీజ్ కాల్ ఉంది. రెండో దారి సిద్ధంగా ఉంది కాబట్టి కాల్ నడిచింది. అందుకే కొత్త చోటికి వెళ్లగానే పగలు ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయడం మాకు అలవాటు. రాత్రి వచ్చిన అంకెనే నమ్ముతాను.

ఆ అంకెల్లో ఏది చూడాలో కూడా తెలియాలి. అందరూ డౌన్‌లోడ్ చూస్తారు. వీడియో కాల్‌కి మనకు కావలసింది అప్‌లోడ్. జూమ్ వాళ్ల లెక్క ప్రకారం 720పి గ్రూప్ వీడియోకి అప్‌లోడ్ 2.6, డౌన్‌లోడ్ 1.8 ఎంబీపీఎస్ ఉంటే చాలు. ఉత్త మాటలకైతే 100 కేబీపీఎస్ లోపే సరిపోతుంది. చూశారా, అవసరం ఎంత చిన్నదో! వందల ఎంబీపీఎస్ అక్కర్లేదు. ఆ కొంచెమూ తెగకుండా రావాలి. స్పీడ్ టెస్ట్‌లో పింగ్, జిట్టర్ అనే రెండు అంకెలు కూడా ఉంటాయి. పింగ్ 100 మిల్లీసెకన్లలోపు ఉండి, జిట్టర్ తక్కువగా ఉంటే మాట సాఫీగా సాగుతుంది. జిట్టర్ ఎక్కువైతే స్పీడ్ ఎంత ఉన్నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

ఆకాశం దారి

మా మొదటి దారి స్టార్‌లింక్. పాతకాలం శాటిలైట్ ఇంటర్నెట్‌తో దీన్ని పోల్చకండి. ఆ శాటిలైట్లు భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మన మాట అక్కడికి వెళ్లి వచ్చేసరికి అర సెకను దాటిపోతుంది. స్టార్‌లింక్ శాటిలైట్లు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. అందుకే అవతలివాళ్లకు మనం శాటిలైట్ మీద మాట్లాడుతున్నామన్న సంగతే తెలియదు.

ఊళ్లు తిరిగేవాళ్లు తీసుకోవలసింది వాళ్ల రోమ్ ప్లాన్. ఇంటి అడ్రస్‌కి కట్టిపడేసే ప్లాన్ తీసుకుంటే మనకు కుదరదు. ప్లాన్ల పేర్లు, ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి కొనేరోజు సైట్‌లో చూసుకోవడమే మంచిది.

దీనికి పెద్ద శత్రువు చెట్టు. శాటిలైట్లు కదులుతూ ఉంటాయి, డిష్ ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని పట్టుకుంటూ ఉంటుంది. మధ్యలో కొమ్మ అడ్డొస్తే రెండు మూడు సెకన్లు పోతుంది. సినిమా చూసేవాళ్లకు అది తెలియదు. క్లయింట్‌తో మాట్లాడుతున్న మనకు మాత్రం సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గరే పోతుంది. ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్ల కింద మేము ఉన్న వారం డిష్ దాదాపు అలంకారంగానే మిగిలింది. అందుకే స్టార్‌లింక్ యాప్‌లో ఫోన్ కెమెరాను ఆకాశం వైపు తిప్పి అడ్డంకులు చూపించే సదుపాయం ఉంది. బండి స్థిరంగా నిలబెట్టకముందే అది చూసేయాలి. అమెరికాలో చాలా చోట్ల ఉత్తరం వైపు ఆకాశం తెరిపిగా ఉండాలి. ఏ వైపు ఎంత తిప్పాలో యాప్ చెబుతుంది.

డిష్‌ని పైకప్పు మీద బిగించేస్తే ప్రతిసారీ దించి ఎక్కించే పని తప్పుతుంది. కానీ బండి నీడలో ఉంటే డిష్ కూడా నీడలోనే ఉంటుంది. మేము ట్రైపాడ్ మీద కింద పెట్టుకుంటాం. ఎండాకాలంలో బండి చెట్టు కింద ఉంటుంది, డిష్ మాత్రం పొడవైన కేబుల్ చివర ఎండలో ఉంటుంది. కేబుల్‌కి ఎవరి కాలూ తగలకుండా చూసుకోవడం మా పాప డ్యూటీ.

టవర్ దారి

రెండో దారి సెల్ టవర్. ఇందులో అందరూ అడిగేది "వెరైజన్ మంచిదా, టీ మొబైలా, ఏటీ అండ్ టీనా?" అని. జవాబు మీరు ఆగే చోటుని బట్టి ఉంటుంది. అందుకే మా ఇద్దరి ఫోన్లూ వేర్వేరు కంపెనీలవి. ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంటే డబ్బు మిగులుతుంది కానీ, ఆ ఒక్క టవర్ లేని చోట ఇంటిల్లిపాదీ మూగబోతాం. కొత్త ఫోన్లలో ఈ-సిమ్ ఉంటుంది కాబట్టి రెండో కంపెనీ లైన్‌ని అదే ఫోన్‌లో పెట్టుకోవచ్చు.

"అన్‌లిమిటెడ్" అన్న మాటను మాత్రం జాగ్రత్తగా చదవండి. ఫోన్‌లో వాడుకోవడానికి అన్‌లిమిటెడ్ అయినా, హాట్‌స్పాట్‌కి విడిగా హద్దు ఉంటుంది. అది దాటాక వేగం ఎంతగా పడిపోతుందంటే వీడియో కాల్ సాగదు. రెండోది ప్రయారిటీ. తిరుమలలో సర్వదర్శనం క్యూ ఒకటి, 300 రూపాయల టికెట్ క్యూ ఒకటి ఉంటాయి కదా. రద్దీ లేని రోజు రెంటికీ పెద్ద తేడా తెలియదు. రద్దీ రోజున తెలుస్తుంది. టవర్ దగ్గరా అంతే. చౌక ప్లాన్లలో చాలావరకు రద్దీ వేళ వెనక క్యూలో ఉంటాయి. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. జనవరిలో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్‌కి వెళ్తే ఇది కళ్లారా చూడొచ్చు. చలికాలం గడపడానికి వచ్చే ఆర్వీలతో ఆ చిన్న ఊరు నిండిపోతుంది, టవర్లకు ఊపిరాడదు.

ఆ గీతలను నమ్మకూడదనడానికి ఇంకో కారణం, ఒక్కో ఫోన్ వాటిని ఒక్కోలా చూపిస్తుంది. అసలు సిగ్నల్ బలాన్ని ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే మైనస్ అంకెతో కొలుస్తారు. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది, అందులో కనిపిస్తుంది. మైనస్ 90 గానీ, అంతకన్నా సున్నాకి దగ్గరగా గానీ ఉంటే హాయిగా పని చేసుకోవచ్చు. మైనస్ 110 దాటితే కష్టం.

సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు బూస్టర్ కొనమంటారు చాలామంది. బూస్టర్ ఉన్న సిగ్నల్‌ని పెంచుతుంది, లేనిదాన్ని తేలేదు. పైగా ఇప్పటి మోడెమ్‌లు ఒకేసారి రెండు నాలుగు యాంటెన్నాలతో డేటా లాగుతాయి. మామూలు బూస్టర్ గుండా వెళ్తే ఆ సౌకర్యం పోతుంది. అందుకే డేటా కోసమైతే సిమ్ పెట్టుకునే రౌటర్, దానికి పైకప్పు మీద నాలుగు తీగల యాంటెన్నా మేలని మా అనుభవం. మాట కూడా అందని మారుమూలల్లో ఫోన్ కాల్ పట్టుకోవడానికి బూస్టర్ పనికొస్తుంది. కొంటే ఎఫ్‌సీసీ ఆమోదం ఉన్నదే కొని, మీ ఫోన్ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేయించాలి.

రెండు దారులు కలిసే చోటు

ఆకాశం ఒక దారి, టవర్ ఒక దారి. ఈ రెంటినీ ఒకే రౌటర్‌కి కలిపితే లాప్‌టాప్‌కి ఎప్పుడూ ఒకే వైఫై పేరు కనిపిస్తుంది. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిదాన్ని ఫెయిలోవర్ అంటారు. ఒక లైన్ పోతే రౌటర్ రెండోదానికి మారుతుంది. మారేటప్పుడు కొన్ని సెకన్లు పోతాయి, కంపెనీ వీపీఎన్ మళ్లీ కలవాల్సి రావచ్చు. రెండోది బాండింగ్. రెండు లైన్లనూ ఒకేసారి వాడుతుంది కాబట్టి ఒకటి పోయినా కాల్ తెగదు. పెప్‌లింక్ రౌటర్లలో స్పీడ్‌ఫ్యూజన్ పేరుతో ఈ సదుపాయం ఉంది. లాప్‌టాప్‌లోనే వేసుకునే స్పీడిఫై లాంటి సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కంపెనీ లాప్‌టాప్‌లో మన ఇష్టమొచ్చినవి వేసుకోనివ్వరు కదా, అలాంటప్పుడు రౌటర్‌లో ఉండటమే నయం.

ముందే అంత ఖర్చు పెట్టనక్కర్లేదు. స్టార్‌లింక్ ఒకటి, వేరే కంపెనీ ఫోన్ హాట్‌స్పాట్ ఒకటి ఉంటే చాలామందికి సరిపోతుంది. దాంతోపాటు డబ్బు ఖర్చులేని మూడో దారి ఒకటుంది. మీటింగ్ ఇన్విటేషన్ కింద ఫోన్ నంబర్ ఇస్తారు చూడండి, అందరూ వదిలేసేది. ముఖ్యమైన కాల్స్‌కి నేను మాట ఎప్పుడూ ఆ నంబర్ ద్వారానే కలుపుతాను, తెర మాత్రం ఇంటర్నెట్ మీద ఉంటుంది. నెట్ పోయినా నా గొంతు పోదు. ఎవరైనా అడిగితే "స్క్రీన్ ఒక్క నిమిషం" అంటాను, మాట సాగిపోతుంది.

వంటింటికీ రౌటర్‌కీ ఒకటే కరెంటు

ఇంటర్నెట్ పోయిందనుకున్నప్పుడు సగంసార్లు పోయేది కరెంటు. మాది 30 ఆంప్స్ బండి. అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తూ ఉండగా ఇండక్షన్ స్టవ్ మీద దోశ పెనం పెట్టి, పక్కన మిక్సీ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. రౌటర్ కూడా అదే కరెంటు మీద ఉంటే కాల్ కూడా పడిపోతుంది. పచ్చడి రుబ్బడం వల్ల ప్రొడక్షన్ కాల్ పోయిందని ఏ మేనేజర్‌కి చెబుతాం?

దీనికి మందు సులువే. రౌటర్‌ని గోడ ప్లగ్గు మీద కాకుండా బండి 12 వోల్టుల బ్యాటరీ లైన్ మీద పెట్టించాలి. బ్రేకర్ పడినా అది ఆగదు. అది కుదరకపోతే చిన్న యూపీఎస్ చాలు. ఇంకొక ఇంటి నియమం కూడా పెట్టుకున్నాం. నా రాత్రి కాల్స్ వేళకు వంట గ్యాస్ మీదే, మిక్సీ పని సాయంత్రం ఆరు లోపే. ఇది మావారికీ వర్తిస్తుంది, ఆ వేళ వంట ఆయనదే కాబట్టి!

ప్లగ్గు లేనిచోట ఆగేవాళ్లు లెక్క ఇలా వేసుకోండి. స్టార్‌లింక్ స్టాండర్డ్ డిష్ 75 వాట్లు లాగుతుందనుకుంటే పది గంటలకు 750 వాట్-అవర్లు. మినీ డిష్ అయితే 25 నుంచి 40 వాట్లే, పైగా నేరుగా 12 వోల్టుల మీద నడుస్తుంది. 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్-అవర్లు. అందులోంచే దీపాలు, నీళ్ల పంపు, లాప్‌టాప్ కూడా. రాత్రంతా లైన్ ఉంచాలంటే మినీయే హాయి.

బండి ఆపే ముందు

చోటు ఎంచుకునేటప్పుడు మేము మొదట కాంపెండియం సైట్ చూస్తాం. అక్కడ బస చేసి వెళ్లినవాళ్లు ఏ కంపెనీ సిగ్నల్ ఎలా ఉందో రాస్తారు. ఫోన్ కంపెనీల రంగురంగుల మ్యాపులకన్నా ఆ నాలుగు మాటలు విలువైనవి. తర్వాత పార్కుకి ఫోన్ చేసి మూడు అడుగుతాను. ఏ సైట్ మీద ఆకాశం తెరిపిగా ఉంటుంది? ఆఫీసులో మీ ఫోన్ ఏ కంపెనీది, బాగా పనిచేస్తుందా? ఆ సైట్ నంబర్ నాకు ఖాయం చేస్తారా? చాలాసార్లు ఓపిగ్గానే చెబుతారు.

ప్రయాణం శనివారమే పెట్టుకుంటాం. ఆదివారం రాత్రి టెస్టులో రెండు దారుల్లో ఒకటి పని చేయకపోతే సోమవారం లోపు చోటు మార్చుకునే వీలుంటుంది. టెక్సస్‌లోని బిగ్ బెండ్, ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో చాలా మేర సెల్ సిగ్నలే ఉండదు. వెస్ట్ వర్జీనియాలో గ్రీన్ బ్యాంక్ దగ్గరైతే రేడియో టెలిస్కోప్ కోసం 1958 నుంచే రేడియో నిశ్శబ్ద మండలం ఉంది. అలాంటివి సెలవు పెట్టుకుని వెళ్లే చోట్లు. పగటి పనికి ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీ మంచి ఆసరా. వైఫై ఉచితం, కొన్నిచోట్ల తలుపు వేసుకునే గదులు కూడా ఇస్తారు. రాత్రి కాల్స్‌కి మాత్రం అది పనికిరాదు, అప్పటికి మూసేస్తారు.

ముందు అడగవలసినవాళ్లు

పరికరాలు కొనకముందే ఆఫీసుని అడగాలి. మీరు పనిచేసే రాష్ట్రాన్ని బట్టి పన్నులు మారతాయి, కంపెనీకి అన్ని రాష్ట్రాల్లో అనుమతి ఉండకపోవచ్చు. స్టార్‌లింక్‌లో లాగిన్ అయితే మీరు ఒక ఊళ్లో ఉంటే ఐపీ అడ్రస్ వేరే రాష్ట్రం చూపించవచ్చు. సెక్యూరిటీ టీమ్‌కి ముందే చెప్పి ఉంచితే అర్ధరాత్రి అకౌంట్ లాక్ అవదు.

హెచ్1బీ మీద ఉన్న అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీ ఎల్‌సీఏలో పని చేసే చోటు రాసి ఉంటుంది. ఆ ప్రాంతం దాటి పని చేసే చోటు మారితే మామూలుగా సవరించిన పిటిషన్ వేయాలి. 2015లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ నిర్ణయం ఈ సంగతిని తేల్చింది. నెలకో రాష్ట్రం తిరిగే బతుకు దీనితో పొసగదు. లాయర్‌ని అడగకుండా బండి కదపకండి. మేము గ్రీన్ కార్డు వచ్చాకే బండి కొన్నాం. గ్రీన్ కార్డు వాళ్లు కూడా అడ్రస్ మారితే పది రోజుల్లో యూఎస్‌సీఐఎస్‌కి తెలియజేయాలని మరచిపోవద్దు.

అర్ధరాత్రి మోగే ఫోన్

ఇంతసేపూ ఉద్యోగం గురించే చెప్పాను. మనలాంటివాళ్లకు ఇంటర్నెట్ అవసరం అక్కడితో ఆగదు. ఇండియాలో అమ్మానాన్నలు పెద్దవాళ్లవుతున్నారు. కిందటేడు ఒక శనివారం రాత్రి రెండు గంటలకు మా తమ్ముడు ఫోన్ చేశాడు, "అక్కా, నాన్నని హాస్పిటల్‌కి తీసుకొచ్చాం" అని. యూటాలో లోయ మధ్యన ఉన్నాం, ఏ కంపెనీ టవరూ అందదు. డిష్ నడుస్తోంది కాబట్టి వాట్సాప్ మోగింది. డాక్టర్‌తో నేనే మాట్లాడాను, స్టెంట్ వేయడానికి ఒప్పుకున్నాం. నాన్న ఇప్పుడు పొద్దున్నే నడుస్తున్నారు, రోజూ వీడియోలో మా బండి బయట కొండలు చూపించమంటారు.

అందుకే సెలవురోజైనా, పని లేకపోయినా, రాత్రిపూట ఒక లైన్ ఆన్‌లో ఉంచుతాం. ఫోన్లలో వైఫై కాలింగ్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది, అది ఉంటే టవర్ లేకపోయినా మామూలు నంబర్‌కి కాల్ వస్తుంది. మా ఇంటర్నెట్ మొత్తం ఖర్చు నెలకు రమారమి 250 డాలర్లు అవుతోంది. ఇంటి కనెక్షన్‌తో పోలిస్తే ఎక్కువే. అద్దె లేదు కదా అని సర్దుకుంటున్నాం.

ఆర్వీ కొనాలన్న ఆలోచన మీకూ ఉంటే, ముందు ఒక వారం అద్దెకు తీసుకోండి. సెలవు పెట్టకండి. మీ పనివారం మొత్తం, రాత్రి కాల్స్‌తో సహా, అందులోంచే చేయండి. ఒక ఫోన్ హాట్‌స్పాట్, వేరే కంపెనీ ఈ-సిమ్ ఒకటి, కుదిరితే అరువు తెచ్చుకున్న డిష్. శుక్రవారం సాయంత్రానికి మీ టీమ్‌లో ఎవరైనా "ఎక్కడున్నారు?" అని అడగకపోతే మీరు సిద్ధమైనట్టే.